480 మెగాబిట్ల వైరు, 2 మెగాబైట్ల వేగం: యూఎస్‌బీ డ్రైవర్‌లో సమయం ఎక్కడ పోతోంది?

బల్ల మీద ఒక డేటా సేకరణ బోర్డు. ఎనిమిది ఛానెళ్లు, ఒక్కో ఛానెల్ నుంచి సెకనుకు పది లక్షల శాంపిళ్లు, ఒక్కో శాంపిల్ 16 బిట్లు. గుణించి చూస్తే సెకనుకు 16 మెగాబైట్లు. ఇదంతా యూఎస్‌బీ 2.0 కేబుల్ గుండా లైనక్స్ కంప్యూటర్‌కి చేరాలి. 2000లో వచ్చిన ఈ ప్రమాణంలో హై స్పీడ్ అంటే సెకనుకు 480 మెగాబిట్లు, అంటే 60 మెగాబైట్లు. మాకు కావలసింది అందులో నాలుగో వంతు కంటే కొంచెం ఎక్కువ. మా డ్రైవర్ (బోర్డుతో మాట్లాడే ప్రోగ్రామ్) తెస్తున్నది మాత్రం 2 మెగాబైట్ల లోపే.

"అన్నా, చిప్పే స్లోగా ఉన్నట్టుంది, మార్చేద్దామా?" అన్నాడు నాతో పనిచేసే కుర్రాడు. చిప్ మార్చలేదు. కేబుల్ కూడా మార్చలేదు. తప్పంతా మేమే రాసిన రీడ్ ఫంక్షన్‌లో ఉంది. ఈ తప్పు మా ఒక్కరిదే కాదు. సీరియల్ బస్సు (పరికరానికీ కంప్యూటర్‌కీ మధ్య డేటా నడిచే దారి) మీద మొదటిసారి డ్రైవర్ రాసే ప్రతి ఒక్కరూ దాదాపు ఇదే చోట పడతారు. అందుకే కాస్త వివరంగా చెప్పాలనిపించింది.

ముందు బస్సు సంగతి. యూఎస్‌బీలో పరికరం తనంతట తాను నోరు విప్పదు. హోస్ట్ కంట్రోలర్, అంటే కంప్యూటర్ వైపు యూఎస్‌బీని నడిపే చిప్, అడగాలి. డేటా ఉంటే పరికరం ఇస్తుంది, లేకపోతే "ఇప్పుడు లేదు" అని ఒక నాక్ పంపుతుంది. హోస్ట్ అడగకపోతే పరికరం దగ్గర ఎంత డేటా పేరుకున్నా వైరు మీద ఒక్క బైటు కూడా కదలదు. హై స్పీడ్‌లో కాలాన్ని 125 మైక్రోసెకన్ల ముక్కలుగా కోస్తారు, ఒక్కో ముక్కని మైక్రోఫ్రేమ్ అంటారు. పెద్ద మొత్తంలో డేటా తరలించే బల్క్ పద్ధతిలో ప్యాకెట్ గరిష్ఠంగా 512 బైట్లు. ఒక మైక్రోఫ్రేమ్‌లో అలాంటివి 13 పడతాయి. సెకనుకు 8000 మైక్రోఫ్రేములు, కాబట్టి 13 × 512 × 8000 = 5,32,48,000 బైట్లు. అంటే ప్రమాణం ఇచ్చే అసలు పైకప్పు 60 కాదు, 53 మెగాబైట్ల చిల్లర. మిగతాది టోకెన్లకీ, చెక్‌సమ్‌లకీ, అంగీకార ప్యాకెట్లకీ, ప్యాకెట్ల మధ్య విరామాలకీ పోతుంది. ఆచరణలో మంచి కంట్రోలర్ మీద 40 మెగాబైట్ల దగ్గరికి వస్తే సంతోషించవచ్చు. ఈ లెక్కల్లో డ్రైవర్ రాసేవాళ్ల చేతిలో ఏమీ లేదు. 40కీ 2కీ మధ్య ఉన్న తేడా మాత్రం పూర్తిగా మన చేతిలోదే.

మా మొదటి డ్రైవర్ ఎలా ఉందంటే: అప్లికేషన్ రీడ్ పిలుస్తుంది. డ్రైవర్ 512 బైట్ల కోసం యూఎస్‌బీ_బల్క్_ఎంఎస్‌జీ అనే కెర్నెల్ (లైనక్స్ మూల భాగం) ఫంక్షన్‌ని పిలుస్తుంది. డేటా వచ్చేదాకా అక్కడే నిద్రపోతుంది. వచ్చాక అప్లికేషన్‌కి కాపీ చేసి తిరిగొస్తుంది. అప్లికేషన్ మళ్లీ రీడ్ పిలుస్తుంది. చదవడానికి ముచ్చటగా ఉండే కోడ్. పుస్తకాల్లోనూ, నమూనా డ్రైవర్లలోనూ మొదట కనిపించేది ఇదే.

ఆ ఒక్క పిలుపు వెనక జరిగే ప్రయాణం చూడండి. కెర్నెల్ ఒక యూఆర్‌బీ తయారు చేస్తుంది. యూఎస్‌బీ లావాదేవీకి లైనక్స్‌లో ఉన్న అర్జీ కాగితం లాంటిది అది: ఏ పరికరం, ఏ ఎండ్‌పాయింట్ (పరికరంలోని డేటా ద్వారం), ఏ బఫర్ (డేటా పెట్టే మెమరీ), ఎన్ని బైట్లు. హోస్ట్ కంట్రోలర్ డ్రైవర్ దాన్ని చదివి మెమరీలో డిస్క్రిప్టర్ రాస్తుంది. కంట్రోలర్ దాన్ని డీఎంఏ ద్వారా, అంటే ప్రాసెసర్ ప్రమేయం లేకుండా నేరుగా మెమరీ నుంచి, అందుకుని, వైరు మీద అడిగి, డేటా తెచ్చి బఫర్‌లో పెడుతుంది. తర్వాత ఇంటరప్ట్ ఇస్తుంది, అంటే పని అయిందని ప్రాసెసర్‌ని తడుతుంది. అర్జీ పూర్తయినప్పుడు నడవాల్సిన ఫంక్షన్, కంప్లీషన్ హ్యాండ్లర్, నడుస్తుంది. అది నిద్రపోతున్న థ్రెడ్‌ని లేపుతుంది. షెడ్యూలర్ తనకి వీలైనప్పుడు ఆ థ్రెడ్‌ని నడుపుతుంది. అప్పుడు కాపీ, ఆపైన తిరుగు ప్రయాణం, మళ్లీ కొత్త పిలుపు. మా మెషీన్‌లో, వైరు మీది ప్రయాణం కాక, ఈ చుట్టుకి సుమారు 250 మైక్రోసెకన్లు పడుతోంది. 512 బైట్లు నిజంగా వైరు మీద ప్రయాణించే సమయం 13 మైక్రోసెకన్లే. మిగిలిన సమయమంతా వైరు ఖాళీ.

ఒక్కో చుట్టుకి 263 మైక్రోసెకన్లు, 512 బైట్లు. సెకనుకి 1.95 మెగాబైట్లు. మేం చూసిన అంకె సరిగ్గా ఇదే.

ఇక్కడ ఎవరికైనా తట్టే మొదటి మందు, ఒక్కసారి ఎక్కువ అడగడం. వైరు వేగం 40 మెగాబైట్లనీ, చుట్టు ఖర్చు 250 మైక్రోసెకన్లనీ అనుకుంటే, 4 కిలోబైట్లు అడిగితే 11.6 మెగాబైట్లు వస్తాయి. 16 కిలోబైట్లు అడిగితే 24.8. 64 కిలోబైట్లకి 34.7. ఒక్క సంఖ్య మార్చితే పది రెట్లు పైగా లాభం. మేమూ 16 కిలోబైట్లు చేశాం. మాకు కావలసింది 16 మెగాబైట్లు, డ్రైవర్ సామర్థ్యం 24 దాటింది, పని అయిపోయిందనుకున్నాం.

కాలేదు. సిగ్నల్ జనరేటర్ నుంచి 1 కిలోహెర్ట్జ్ సైన్ వేవ్ ఇచ్చి, వచ్చిన డేటాని గీసి చూస్తే, నున్నగా ఉండాల్సిన తరంగం మీద కత్తెర పెట్టి కత్తిరించి అతికించినట్టు ఒక గంటు. కొంచెం ముందుకి వెళ్తే మరో గంటు. దాదాపు ప్రతి తరంగంలోనూ ఒకటి, కానీ ఒకే చోట కాదు. ప్రతిసారీ కాస్త పక్కకి జరుగుతూ తరంగం మీద పాకుతున్నట్టు కనిపించింది. ఎలక్ట్రికల్ నాయిస్ అనుకుని గ్రౌండ్ వైర్ల చుట్టూ ఒక పూట తిరిగాం. చివరికి ఒక గంటుకీ తర్వాతి గంటుకీ మధ్య ఎన్ని శాంపిళ్లున్నాయో లెక్కపెట్టాం. 1024. తర్వాతి జతకి కూడా 1024. ఎక్కడ లెక్కపెట్టినా 1024.

ఒక్కో శాంపిల్ సమయానికి ఎనిమిది ఛానెళ్లూ కలిపి 16 బైట్లు. 1024ని 16తో గుణిస్తే 16,384. సరిగ్గా మా 16 కిలోబైట్ల రీడ్ సైజు. ప్రకృతిలో నాయిస్‌కి మన బఫర్ సైజు తెలియదు కదా. అంటే ఆ గంటు పెడుతున్నది మా డ్రైవరే.

కారణం బోర్డు వైపున ఉంది. అందులో యూఎస్‌బీ పని చూసేది సైప్రస్ ఎఫ్ఎక్స్2ఎల్‌పీ చిప్. ఎండ్‌పాయింట్‌కి 512 బైట్ల బఫర్లు నాలుగు పెట్టుకున్నాం, మొత్తం 2 కిలోబైట్లు. సెకనుకు 16 మెగాబైట్ల చొప్పున డేటా వస్తుంటే 2 కిలోబైట్లు నిండటానికి పట్టేది 128 మైక్రోసెకన్లు. మా డ్రైవర్ రెండు రీడ్‌ల మధ్య మౌనంగా ఉండేది 250 మైక్రోసెకన్లు. మొదటి 128లో బఫర్ నిండిపోతుంది, మిగతా 122 మైక్రోసెకన్ల శాంపిళ్లు దిక్కు లేకుండా పోతాయి. సగటు వేగం ఎంత ఉన్నా ఆ సందులో పోయినవి తిరిగి రావు. ఈ విషయం మీద నేను ఇంత సమయం పెట్టడానికి కారణం ఇదే: స్పీడ్ టెస్ట్‌లో సగటు అంకె చూసి ఊరుకునే డ్రైవర్లు ఎన్నో ఉన్నాయి, వాటి వెనక ఇలా పోయిన డేటా గురించి ఎవరికీ తెలియదు.

వరి కోతల రోజుల్లో పొలం దగ్గర నిలబడి చూసినవాళ్లకి ఈ సమస్య కొత్తది కాదు. కోత మిషను ఆగకుండా కోస్తుంది. దాని ట్యాంకు చిన్నది. ధాన్యం తీసుకెళ్లడానికి ఒకే ట్రాక్టర్ ఉంటే, అది మిల్లు దగ్గర కాటా కోసం నిలబడ్డంతసేపూ ఇక్కడ ట్యాంకు నిండి ఉంటుంది. తొట్టి పెద్దది చేస్తే ట్రిప్పులు తగ్గుతాయి, కానీ ట్రాక్టర్ లేని ఆ కాసేపు మాత్రం తప్పదు. కావలసింది పెద్ద తొట్టి కాదు, రెండో ట్రాక్టర్. ఒకటి కదిలేలోపే ఇంకొకటి మిషను పక్కన నిలబడి ఉండాలి.

యూఎస్‌బీలో రెండో ట్రాక్టర్ అంటే రెండో యూఆర్‌బీ. నిద్రపోయే యూఎస్‌బీ_బల్క్_ఎంఎస్‌జీ బదులు యూఎస్‌బీ_సబ్మిట్_యూఆర్‌బీ వాడాలి. ఇది అర్జీ ఇచ్చి వెంటనే తిరిగొస్తుంది. కాబట్టి ఒకదాని వెనక ఒకటిగా ఎనిమిది అర్జీలు ముందే ఇచ్చేయవచ్చు. మొదటిది పూర్తయిన క్షణంలో కంట్రోలర్ ప్రాసెసర్‌ని అడగకుండానే రెండోదానికి వెళ్లిపోతుంది. ఇంటరప్ట్, షెడ్యూలర్, కాపీ అన్నీ అప్పుడూ జరుగుతాయి, అదే 250 మైక్రోసెకన్లు పట్టవచ్చు కూడా. కానీ ఆ సమయంలో వైరు ఖాళీగా ఉండదు. ఖర్చు తగ్గలేదు, పని చాటుకి వెళ్లింది. ఒకే ఎండ్‌పాయింట్ మీద ఇచ్చిన యూఆర్‌బీలు ఇచ్చిన వరసలోనే పూర్తవుతాయి గనక డేటా ముందు వెనకలవుతుందన్న భయం అక్కర్లేదు.

ఎన్ని పెట్టాలి? మేం 16 కిలోబైట్లవి ఎనిమిది పెట్టాం. మొత్తం 128 కిలోబైట్లు, మా వేగంలో 8 మిల్లీసెకన్ల డేటా. అంటే కెర్నెల్ 8 మిల్లీసెకన్ల పాటు మా వైపు చూడకపోయినా శాంపిల్ పోదు. ఈ ప్రశ్నకి జవాబుని "ఎన్ని యూఆర్‌బీలు" అని కాకుండా "ఎన్ని మిల్లీసెకన్లు" అని ఆలోచిస్తే సులభం. బిజీగా ఉన్న సిస్టమ్ మన హ్యాండ్లర్‌ని ఎంతసేపు ఆలస్యం చేయగలదో అంతకి రెండు మూడు రెట్లు చాలు.

హ్యాండ్లర్ రాయడంలోనే అసలు జాగ్రత్తలున్నాయి. అది ఇంటరప్ట్ సందర్భంలో నడుస్తుంది కాబట్టి అందులో నిద్రపోకూడదు. మ్యూటెక్స్ (ఒకసారికి ఒకరే పట్టుకునే తాళం) పట్టుకోకూడదు, మెమరీ అడిగితే నిద్రపోకుండా ఇమ్మని చెప్పే జీఎఫ్‌పీ_అటామిక్ తోనే అడగాలి. నిండిన బఫర్‌ని పక్కకి తీసి, ఖాళీ బఫర్ తగిలించి, యూఆర్‌బీని వెంటనే తిరిగి పంపేయాలి. డేటాని విడదీయడం, అమర్చడం, ఫైల్లోకి రాయడం ఇంకెక్కడైనా చేసుకోవచ్చు. అందుకే యూఆర్‌బీల కంటే బఫర్లు ఎక్కువ ఉండాలి. మా రెండో వెర్షన్‌లో హ్యాండ్లర్ లోపల ఒక్క ప్రింట్‌కే (కెర్నెల్ నుంచి కన్సోల్‌కి సందేశం రాసే) లైను మర్చిపోయాం. ఆ మెషీన్ కన్సోల్ 115200 బాడ్ (సెకనుకు 115200 బిట్లు) సీరియల్ పోర్టు మీద ఉంది. 80 అక్షరాల లైను దాని గుండా బయటికి వెళ్లడానికి దాదాపు 7 మిల్లీసెకన్లు. మేం కష్టపడి కొనుక్కున్న 8 మిల్లీసెకన్ల వెసులుబాటులో ఏడింటిని ఒక డీబగ్ లైను తినేసింది.

ఇదంతా కెర్నెల్ డ్రైవర్ గురించే అనుకోవద్దు. లిబ్‌యూఎస్‌బీ అనే లైబ్రరీతో యూజర్ స్పేస్‌లో, అంటే కెర్నెల్ బయట మామూలు ప్రోగ్రామ్‌లా, రాసినా ఇదే కథ. అక్కడ కూడా ఆగి చూసే పిలుపు ఒకటి, అర్జీ ఇచ్చి వెళ్లే పిలుపు ఒకటి ఉంటాయి. ఒక అదనపు గడప మాత్రం ఉంది. అలాంటి ప్రోగ్రాములు కెర్నెల్‌కి అర్జీలిచ్చే దారి యూఎస్‌బీఎఫ్ఎస్, దాని మొత్తం బఫర్లకి లైనక్స్ మామూలుగా 16 మెగాబైట్ల హద్దు పెడుతుంది. యూఎస్‌బీ 3.0 కెమెరాలు రెండు మూడు తగిలించినవాళ్లు ఈ హద్దుకి తగులుకుంటారు. యూఎస్‌బీఎఫ్ఎస్_మెమరీ_ఎంబీ అనే పారామీటర్‌తో దాన్ని పెంచుకోవచ్చు.

ఇంతవరకూ చెప్పింది ఆగకుండా ప్రవహించే డేటా గురించి. చిన్న చిన్న ప్రశ్నలు, చిన్న చిన్న జవాబులు అయితే కథ తిరగబడుతుంది. ఎఫ్‌టీ232 చిప్ ఉన్న యూఎస్‌బీ-సీరియల్ కన్వర్టర్ తీసుకోండి. మీటర్లు, సెన్సర్లు, పాత మెషీన్లు అన్నింటికీ తగిలించేది అదే. సెన్సర్‌ని ఒక ప్రశ్న అడుగుతాం, పది బైట్ల జవాబు వస్తుంది. 115200 బాడ్‌లో పది బైట్లకి మిల్లీసెకను కూడా పట్టదు. అయినా సెకనుకు అరవై ప్రశ్నలు దాటవు. 9600 నుంచి 115200కి పెంచినా, ఇంకా పెంచినా, అరవై దగ్గరే నిలబడిపోతుంది.

ఆ చిప్ పది బైట్లు రాగానే హోస్ట్‌కి ఇచ్చేయదు. 64 బైట్ల ప్యాకెట్ నిండేదాకా ఆగుతుంది. అందులో 2 బైట్లు లైను స్థితి సమాచారం, 62 బైట్లు డేటా. నిండకపోతే లేటెన్సీ టైమర్ మోగినప్పుడు ఉన్నంత పంపుతుంది. ఆ టైమర్ ఫ్యాక్టరీ నుంచి 16 మిల్లీసెకన్లకి పెట్టి వస్తుంది. 1000ని 16తో భాగిస్తే 62.5. మనం చూస్తున్న అరవై అదే. పెద్ద ఫైళ్లు పంపేవాళ్లకి ఈ ఆగడం మేలు చేస్తుంది, అర ఖాళీ ప్యాకెట్లు తగ్గుతాయి. ప్రశ్న-జవాబు వాళ్లకి మాత్రం శిక్ష. లైనక్స్‌లో ఆ పోర్టు సిస్‌ఎఫ్ఎస్ (కెర్నెల్ సెట్టింగులు ఫైళ్లుగా కనిపించే చోటు) డైరెక్టరీలో లేటెన్సీ_టైమర్ అని ఒక ఫైలు ఉంటుంది, అందులో 1 అని రాస్తే చాలు. డ్రైవర్‌లో ఒక్క అక్షరం కూడా ముట్టుకోకుండా వేగం ఎన్నో రెట్లు పెరగడం ఇక్కడ చూడవచ్చు. ఈ ఫైలు సంగతి తెలియక ఖరీదైన కన్వర్టర్ కొనుక్కున్నవాళ్లని చూశాను, బాధేస్తుంది.

సైజుల దగ్గర ఇంకో రెండు ఉచ్చులున్నాయి. బల్క్ రీడ్‌కి ఇచ్చే బఫర్ ఎప్పుడూ 512 గుణిజంగా ఉండాలి. 1000 బైట్లు అడిగితే రెండో ప్యాకెట్ పూర్తి 512తో వచ్చినప్పుడు బఫర్‌లో చోటు చాలదు, ఈఓవర్‌ఫ్లో అనే లోపం వస్తుంది. రెండోది, నిండని ప్యాకెట్ రాగానే లావాదేవీ ముగిసిందని హోస్ట్ అర్థం చేసుకుంటుంది. మరో ప్రాజెక్టులో బోర్డు ప్రతి 1000 బైట్లకీ ప్యాకెట్ ముగించేస్తోంది: 512 ఒకటి, 488 ఒకటి. మేం 16 కిలోబైట్లు అడిగినా ప్రతి యూఆర్‌బీ 1000 బైట్లతోనే తిరిగొచ్చింది. బఫర్ ఎంత పెంచినా వేగం పెరగకపోతే ముందు యూఆర్‌బీలో నిజంగా ఎన్ని బైట్లు వచ్చాయో చూడాలి. దీనికి ఎదురు సమస్య కూడా ఉంది. పరికరం సరిగ్గా 4096 బైట్లు పంపి ఊరుకుంటే, హోస్ట్ 8192 అడిగి ఉంటే, ముగింపు గుర్తు రాలేదు గనక హోస్ట్ ఇంకా ఎదురుచూస్తూనే ఉంటుంది. అక్కడ పరికరం సున్నా బైట్ల ప్యాకెట్ ఒకటి పంపాలి.

మరి సమయం ఎక్కడ పోతోందో తెలిసేదెలా? లైనక్స్‌లో యూఎస్‌బీ రాకపోకల్ని నమోదు చేసే యూఎస్‌బీమాన్ ఉంది. ప్రతి యూఆర్‌బీకి రెండు లైన్లు ఇస్తుంది. అర్జీ ఇచ్చినప్పుడు ఎస్ అక్షరంతో ఒకటి, పూర్తయినప్పుడు సీ అక్షరంతో ఒకటి, రెండింటికీ మైక్రోసెకన్లలో సమయం. సీ నుంచి తర్వాతి ఎస్ దాకా ఉన్న ఖాళీ మనది, డ్రైవర్‌దీ అప్లికేషన్‌దీ. ఎస్ నుంచి సీ దాకా ఉన్నది బస్సుదీ పరికరానిదీ. మా మొదటి డ్రైవర్ లాగ్ తెరిచినప్పుడు ఎస్, సీ, ఎస్, సీ అని ఒకటి విడిచి ఒకటి కనిపించింది. మధ్యలో వందల మైక్రోసెకన్లు. ఆ ఒక్క పేజీ చూసి ఉంటే గ్రౌండ్ వైర్ల చుట్టూ తిరిగేవాళ్లం కాదు. బాగున్న డ్రైవర్ లాగ్‌లో ముందు ఎనిమిది ఎస్‌లు వరసగా ఉంటాయి, ఆ తర్వాత ప్రతి సీ వెనకే ఒక ఎస్.

అలా ఉండి కూడా వేగం రాకపోతే పరికరం వైపు చూడాలి. నాక్‌లు యూఎస్‌బీమాన్‌లో కనిపించవు, వాటికి వైరు మీద కూర్చునే ప్రోటోకాల్ ఎనలైజర్ కావాలి. కానీ కొన్నిసార్లు లెక్కే చెప్పేస్తుంది. ఎఫ్ఎక్స్2ఎల్‌పీలో ఉన్న 8051 ప్రాసెసర్ 48 మెగాహెర్ట్జ్ మీద నడుస్తుంది, ఒక్కో ఇన్‌స్ట్రక్షన్ సైకిల్‌కి నాలుగు క్లాకులు. సెకనుకు 1.2 కోట్ల సైకిళ్లు. మనకి కావలసింది సెకనుకు 1.6 కోట్ల బైట్లు. బైటుకి ఒక సైకిల్ కూడా మిగలదు. అందుకే ఆ చిప్‌లో డేటా ప్రాసెసర్ చేతిలోకి రాకుండా నేరుగా ఫైఫో (వచ్చిన వరసలోనే డేటా ఇచ్చే బఫర్) నుంచి వైరుకి వెళ్లే ఆటో మోడ్ ఉంది. ఫర్మ్‌వేర్ బైట్లని తన చేత్తో మోస్తుంటే డ్రైవర్‌లో ఎంత తపస్సు చేసినా ఫలితం ఉండదు.

కాపీల గురించి ఒక మాట. ఇంటెల్ మెషీన్ మీద ఒక మెమరీ కాపీ ఎక్కువా తక్కువా పెద్ద తేడా చూపదు. చిన్న ఆర్మ్ బోర్డుల మీద చూపుతుంది. అక్కడ యూఎస్‌బీ_అలోక్_కోహెరెంట్‌తో తీసుకున్న మెమరీ చాలాసార్లు క్యాష్‌లోకి రాదు, దాన్ని ప్రాసెసర్ చదవడం చాలా నెమ్మది. డీఎంఏకి మంచిదని ఆ మెమరీ వాడి, తీరా కాపీ దగ్గర నష్టపోయిన వాళ్లున్నారు. లైనక్స్ వెబ్‌క్యామ్ డ్రైవర్ యూవీసీవీడియోలో కూడా ఈ కాపీ పనిని కంప్లీషన్ హ్యాండ్లర్ నుంచి తీసి వర్క్‌క్యూలోకి, అంటే తర్వాత చేసే పనుల వరసలోకి, మార్చారు.

వైరు ఖాళీగా ఉండకూడదన్న ఈ ఆలోచన ఏ ఒక్క డ్రైవర్‌దో కాదు, ప్రమాణాలనే మార్చింది. పెన్‌డ్రైవ్‌లు వాడే పాత పద్ధతి బల్క్-ఓన్లీ ట్రాన్స్‌పోర్ట్‌లో ముందు 31 బైట్ల కమాండ్ వెళ్తుంది, తర్వాత డేటా, చివర 13 బైట్ల స్థితి. అది వచ్చేదాకా రెండో కమాండ్ ఇవ్వకూడదు. లైనక్స్ యూఎస్‌బీ-స్టోరేజ్ డ్రైవర్ హై స్పీడ్ పరికరాలకి మామూలుగా ఒక కమాండ్‌లో 240 సెక్టార్లు, అంటే 120 కిలోబైట్లు మించి అడగదు. మన మొదటి డ్రైవర్‌కి దీనికీ తేడా పరిమాణంలోనే. 2008లో యూఎస్‌బీ 3.0 వచ్చి వైరు వేగం 5 గిగాబిట్లయ్యాక ఈ ఎదురుచూపు భరించలేనిదైంది. యూఏఎస్‌పీ అనే కొత్త పద్ధతిలో ఒకేసారి అనేక కమాండ్లు ఇచ్చేయవచ్చు, ఏది ముందు సిద్ధమైతే పరికరం దాన్ని ముందు ఇస్తుంది. బయట తగిలించే ఎస్ఎస్‌డీకి కేసు కొనేటప్పుడు దాని మీద యూఏఎస్‌పీ అని ఉందో లేదో చూడమని నేను అందరికీ చెప్పేది ఇందుకే.

మా బోర్డు దగ్గరికి వస్తే, ఎనిమిది యూఆర్‌బీలు పెట్టాక గంట్లు మాయమయ్యాయి. కళ్లతో చూసి నమ్మకుండా, ఎఫ్‌పీజీఏలో (బోర్డు మీద మనకి కావలసినట్టు అమర్చుకునే లాజిక్ చిప్‌లో) ఒక ఛానెల్‌కి సిగ్నల్ బదులు ప్రతి శాంపిల్‌కీ ఒకటి పెరిగే కౌంటర్ తగిలించాం. 16 బిట్ల కౌంటర్ 65535 దాకా వెళ్లి సున్నాకి వస్తుంది. ఎక్కడైనా రెండు పక్కపక్క సంఖ్యల తేడా ఒకటి కాకపోతే ప్రోగ్రామ్ ఆగిపోవాలి. రాత్రి నడవనిచ్చి ఇంటికి వెళ్లాం. పొద్దున వచ్చేసరికి ఇంకా నడుస్తోంది.

అప్పుడు కుర్రాడు కేబుల్ పీకాడు. కెర్నెల్ పడిపోయింది. ఎనిమిది యూఆర్‌బీలు గాలిలో ఉండగా మా డిస్కనెక్ట్ ఫంక్షన్ బఫర్లని విడుదల చేసేసింది. నిద్రపోయే పాత డ్రైవర్‌కి ఈ బాధ లేదు, దాని దగ్గర ఎప్పుడూ ఒక్క అర్జీయే ఉండేది. యూఆర్‌బీలన్నిటినీ ఒక యాంకర్‌కి కట్టి, డిస్కనెక్ట్‌లో మొదటి పనిగా వాటినన్నిటినీ రద్దు చేసి, రద్దు పూర్తయ్యాకే మెమరీ వదిలేలా మార్చాం. ఆ రోజు సాయంత్రం దాకా కేబుల్ పీకుతూ పెడుతూనే ఉన్నాం.